నూట అరవై మూడో మొక్క

1996 నవంబరు మొదటి వారంలో నన్ను గోదావరి జిల్లాలోని వరి పరిశోధన క్షేత్రం నుంచి మేడ్చల్, శామీర్‌పేటల మధ్య ఉన్న దుంపపంటల క్షేత్రానికి బదిలీ చేశారు. హోదా పాతదే, సహాయ పరిశోధకురాలు. పంట మాత్రం మారింది. పదకొండేళ్ళు మోకాలి లోతు బురదలో నిలబడి పనిచేసినదాన్ని. ఎర్ర చెలక నేలలో కాలికి చెప్పులేసుకుని తిరిగే ఉద్యోగం దొరికిందని మొదట్లో సంబరపడ్డాను. ఆ సంబరం ఐదు వారాలు నిలిచింది.

నాకు అప్పగించింది చిలగడదుంప విభాగం. ఆఫీసు కాగితాల్లోనే అది చిలగడదుంప. కూలికి వచ్చే ఆడవాళ్ళకు కందగడ్డ. మా వైపు కంద అంటే గొంతు దురద పెట్టే వేరే దుంప. వచ్చిన కొత్తలో వాళ్ళు ఉడకబెట్టిన ముక్క చేతిలో పెడితే తినడానికి జంకాను. వాళ్ళు పగలబడి నవ్వారు.

విభాగానికి పెద్ద సాంబశివరావు గారు, సీనియర్ శాస్త్రవేత్త. మే నెలాఖరుకు ఆయన పదవీ విరమణ. చొక్కా జేబులో పెన్నుకు బదులు బ్లేడు, దారపు ఉండ పెట్టుకుని తిరిగే మనిషి. కూలీలకు మేస్త్రి సత్తెమ్మ, అత్వెల్లి నుంచి వచ్చేది. నలభై ఏళ్ళుంటాయేమో. పొలంలో ఏ మొక్క ఎక్కడుందో రిజిస్టరు తెరవక్కర్లేకుండా చెప్పగలిగేది. నా ముందు ఆ పనిలో ఉన్న సహాయకుడు అక్టోబరులోనే వేరే చోటికి బదిలీ అయి వెళ్ళిపోయాడు. తాళాలు, రిజిస్టర్లు ఆఫీసులో అప్పగించి పోయాడు గానీ మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది.

చిలగడదుంపను ఏ రైతూ విత్తనం చల్లి పండించడు. మూరెడు తీగ ముక్క కోసి, మన్ను ఎత్తుగా ఎగదోసి చేసిన బోదె మీద గుచ్చుతాడు. నాలుగు నెలలకు దుంప వస్తుంది. తీగ నుంచి తీగ వస్తుంది కాబట్టి తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే, రవ్వంత తేడా ఉండదు. తల్లికున్న తెగులు కూడా పిల్లకు వస్తుంది. ఆ చుట్టుపక్కల రైతులు ఎన్నో ఏళ్ళుగా ఒకటే తీగను కోసి కోసి నాటుతూ వచ్చారు. ఆకు ముడతపడి, దుంప ఏటేటా సన్నబడిపోయింది. సత్తెమ్మకు అత్వెల్లిలో అరెకరం చెలక ఉండేది. నేను చేరిన రెండో రోజే ఆమె తన గోడు నా దగ్గర వెళ్ళబోసుకుంది.

“మా అత్త నాటినప్పుడు గంపలకు గంపలు ఎల్లినయట మేడమ్. గిప్పుడు ఏళ్ల లెక్క సన్నగ ఎల్తున్నయి. సారు కొత్త తీగ ఎల్లంగనే మొదలు నాకే ఇస్తనన్నడు. మూడేండ్ల సంది గా తీగ కోసమే సూస్తున్న.”

కొత్త తీగ పుట్టాలంటే మాత్రం విత్తనం కావాలి. దాన్ని సంపాదించడం ఎంత పనో నాకు సత్తెమ్మే చూపించింది. చలికాలంలో పగలు పొట్టిదయ్యాక ఈ మొక్క అక్కడొకటి ఇక్కడొకటి పూస్తుంది, తూటిపువ్వులాంటి లేత ఊదా పువ్వు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, తేనెటీగ దూరకుండా కొనకు దారం కట్టాలి. తెల్లవారగానే దారం విప్పి, మనం ఎంచుకున్న ఇంకో రకం పువ్వులోని పుప్పొడిని దాని కీలాగ్రానికి అంటించాలి. ఎండెక్కేసరికి పువ్వు వాడిపోతుంది. ఇంతా చేస్తే పదింటిలో ఒకటో రెండో కాయ కడతాయి. కాయలో ఒకటో రెండో గింజలు. నల్లగా, ముల్లంగి గింజకన్నా కాస్త పెద్దవి.

ఆ గింజ పైపొర ఎంత గట్టిదంటే నీళ్ళలో వారం నానబెట్టినా చుక్క నీరు లోపలికి పోనివ్వదు. జీడిమెట్ల నుంచి గాఢ గంధకామ్లం తెప్పించి, గడియారం చూసుకుంటూ ముప్పావుగంట అందులో ముంచి, ధారగా కారే నీళ్ళ కింద కడిగి విత్తాలి. జూన్‌లో ఆ పని జరిగినప్పుడు నేను లేను. సత్తెమ్మ ఉంది. “తేజాబుల ఏసినంక ఇగ సచ్చినయనుకున్న. నాలుగోనాడు పొద్దుగాల సూస్తే మట్టి లేపుకొని పైకొచ్చినయి. ఒళ్లు జల్లుమన్నది మేడమ్” అంది. చెబుతూ చెబుతూ తన చేతి మీద వెంట్రుకలు చూపించింది. నాకూ జల్లుమంది.

మూడు చలికాలాల కష్టంలోంచి మొలిచి, బతికి, బోదెలెక్కిన మొక్కలు రెండు వందల ఎనభై ఆరు. ఒక్కోదానికి ఒక కర్ర, కర్రకు నంబరు వేసిన రేకుబిళ్ళ. అన్నిటికీ తల్లి ఒకటే, తండ్రి ఒకటే. అయినా ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాని ఆకు తమలపాకు, పక్కదాని ఆకు చాచిన అరచేయి. ఒకటి నేలకు అంటుకుని పాకితే ఇంకొకటి గుబురుగా నిలబడింది. నేను చూసిన వరి మడిలో లక్ష మొక్కలున్నా ఒకటే ముఖం ఉంటుంది. ఇక్కడ ప్రతి అడుగుకూ కొత్త ముఖం. సాంబశివరావు గారు దాని లెక్క ఇలా చెప్పారు. మనిషికి వారసత్వం తల్లి నుంచి ఒక వరస, తండ్రి నుంచి ఒక వరస. ఈ మొక్కలో మొత్తం ఆరు వరసలు. ఆరు పేకకట్టలు కలిపి పంచినట్టు. ఒకసారి పడిన పంపకం మళ్ళీ పడదు.

నా వరి బుద్ధి మాత్రం వెంటనే వదల్లేదు. ఆకులు పాలిపోయి కనబడితే యూరియా వేద్దామన్నాను. “ఆకు కావాలా అమ్మా, దుంప కావాలా?” అని అడిగారాయన. నత్రజని ఎక్కువైతే తీగ పొలమంతా అల్లుకుంటుంది, కింద పెన్సిళ్ళు దొరుకుతాయి. దుంప ఊరడానికి పొటాష్ కావాలి, గుల్లగా ఉండే ఎర్రనేల కావాలి, నీళ్ళు నిలవని బోదె కావాలి. తీగ కణుపు కణుపుకీ వేళ్ళూనితే బలం చెదిరిపోతుంది కనుక ఆడవాళ్ళు ఒంగి తీగలను ఎత్తి అటు తిప్పి వేసేవారు. దుంప ఊరేకొద్దీ బోదె పగులుతుంది. ఆ పగులులోంచి ముక్కుపురుగు దిగి దుంపను తొలిచి చేదు చేస్తుంది. అందుకే మన్ను ఎగదోసి పగుళ్ళు పూడ్చాలి. ఇవన్నీ సరిగ్గా చేసినా మొక్క రక్తంలో లేనిది బయటికి రాదు. ఆ రక్తం కోసమే ఈ రెండు వందల ఎనభై ఆరు.

డిసెంబరు రెండో వారంలో తవ్వకానికి రోజు కుదిరింది. ముందురోజు సాంబశివరావు గారు నగరంలో మీటింగుకు వెళ్ళారు. పొలం నా చేతిలో ఉంది. మధ్యాహ్నం సత్తెమ్మ వచ్చి, “తీగలు కోసెయ్యాల్నా మేడమ్?” అని అడిగింది. ముందురోజే తీగ కోసేస్తే బోదె ఆరుతుంది, గడ్డపార చకచకా నడుస్తుంది, దుంప తొక్క గట్టిపడుతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివి ఉన్నాను.

“కోసెయ్యండి” అన్నాను.

సాయంత్రానికి తీగలన్నీ కోసి గట్టు మీద కుప్ప వేశారు. పని దిగేటప్పుడు ఆడవాళ్ళు తలా ఒక మోపు కట్టుకుని ఇళ్ళకు తీసుకుపోయారు. అది అక్కడి ఆనవాయితీ. చిలగడదుంప తీగంటే బర్రెలు పడి చస్తాయి, పాలు కూడా పెరుగుతాయని చెప్పుకునేవారు.

తెల్లవారి సాంబశివరావు గారు వచ్చి, శుభ్రంగా ఉన్న బోదెలు చూసి, “పని బాగా చేయించావమ్మా” అని మెచ్చుకున్నారు. తవ్వడం మొదలైంది. ఒక్కో మొక్క దుంపలు దాని నంబరు కర్ర దగ్గరే వరసగా పెట్టించాం. పది గంటలయ్యేసరికి ఆ పొలం చూడాలి! ఎర్రవి, తెల్లవి, ఊదావి, గుండ్రటివి, పాములా మెలిక తిరిగినవి. కొన్నింటి కింద ఏమీ లేదు, ఉత్త వేళ్ళు. ఒక్క కాన్పు పిల్లలు ఇన్ని రకాలుగా ఉండగలరని నేను చదివాను గానీ నమ్మలేదు. ఆ పూట నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. నంబర్లు రాయాల్సిన పెన్ను చేతిలోనే ఉండిపోయింది.

నూట అరవై మూడు దగ్గర సత్తెమ్మ గడ్డపార దించకుండా ఆగింది.

“గిటు రాండ్రి మేడమ్. గీడ నేల ఎట్ల పలిగిందో సూడుండ్రి!”

అరచేయి దూరేంత పగులు. గడ్డపార పక్కన పెట్టి చేతులతో మన్ను తీసింది. ఏడు దుంపలు, రాగిరంగువి, ఒక్కటీ వంకర లేదు. తూస్తే మూడు కిలోల ఆరు వందల గ్రాములు. పక్క బోదెలో పోలిక కోసం నాటిన ఊరి రకం మొదలుకు కిలో కూడా తూగలేదు. అంత పగులున్నా ముక్కుపురుగు లేదు. సాంబశివరావు గారు ఒకదాన్ని బ్లేడుతో అడ్డంగా కోశారు. లోపల పండిన గుమ్మడి రంగు. ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా కొనతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. “పోయినేడు ఇది లోకంలో లేదమ్మా. ఈ జూన్‌లో పుట్టింది” అన్నారు. ఆడవాళ్ళంతా పని ఆపి చుట్టూ చేరారు. ఎవరూ ముట్టుకోవడానికి సాహసించలేదు.

పద్ధతి ప్రకారం ఒక దుంపను చక్రాలుగా తరిగి ఎండు పదార్థం లెక్క కట్టడానికి ఓవెన్‌లో పెట్టాలి. ఒకదాన్ని రుచి చూడటానికి ఉడకబెట్టాలి. ఆ రోజు ఆయన ఆనందం పట్టలేకపోయారు. పదిహేను మందిమి ఉన్నాం, ఒక్క దుంప ఏ మూలకు? “ఓవెన్‌కి ఒకటి పోగా మిగతావన్నీ ఉడకబెట్టండి, తీగ ఉందిగా” అన్నారు. పంపుసెట్టు గది పక్కన మూడు రాళ్ళు పెట్టి, అల్యూమినియం గిన్నెలో అడుగున రెండు గ్లాసుల నీళ్ళు పోసి సత్తెమ్మ ఉడికించింది. పీచు లేదు. వెన్నలా విరిగింది. తీపి నాలుక మీద ఆగి, గొంతు దిగాక కూడా కాసేపు ఉంది. సత్తెమ్మ తన వాటాలో సగం కొంగున కట్టుకోబోయి, మళ్ళీ విప్పి అక్కడే తినేసింది. “ఇంట్ల ఎందుకు, వచ్చే ఏడు పొలమంత గిదే ఉంటది” అంది.

సాయంత్రం నాలుగింటికి నేను రిజిస్టరులో చివరి గడి దగ్గరికి వచ్చేసరికి సాంబశివరావు గారు అడిగారు. నూట అరవై మూడు తీగ నర్సరీలో ఏ వరసలో పెట్టావమ్మా, అని.

నాకు ప్రశ్న అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. బావి దగ్గరి నర్సరీలో పచ్చగా తీగలుండటం నేను రోజూ చూసేదాన్ని. అన్ని మొక్కల తీగా అందులో ముందే పెట్టి ఉంచారనుకున్నాను. అవి ఊరి రకాలవి. కొత్త మొక్కల తీగలు కోతకు ముందు ఒక్కోదాని నుంచి మూడేసి ముక్కలు తీసి, బిళ్ళ కట్టి, నర్సరీలో నాటాలి. నా ముందున్న సహాయకుడు ఈ పని ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. అందుకని సాంబశివరావు గారు నాకు చెప్పలేదు. తీగలు కోసిన రోజు పొద్దున్నే నేను ఆ పని చేసి ఉంటాననుకుని సత్తెమ్మ అడగలేదు. వరిలో గింజ చేతికొస్తే విత్తనం చేతికొచ్చినట్టే. అందుకని నాకు తట్టలేదు.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట, “తీగలు ఆడవాళ్ళు తీసుకెళ్ళిపోయారండి” అని. నేను కోయించానని చెప్పడానికి ఇంకో నిమిషం పట్టింది. ఆ నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొక్క ఉన్న పచ్చి దుంప ముక్క బొటనవేలంత దొరికినా మొలిపించవచ్చు. ఓవెన్ తెరిచాం, చక్రాలు వరుగుల్లా ఎండిపోయాయి. గిన్నె అడుగు చూశాం. నూట అరవై మూడు కర్ర చుట్టూ మన్ను జల్లెడ పట్టాం, సన్నటి వేళ్ళు తప్ప ఏమీ లేవు. గట్టు మీద తీగ కుప్ప ఉన్నచోట నాలుగు ఎండుటాకులున్నాయి. జీపులో అత్వెల్లి వెళ్ళి, మోపులు తీసుకెళ్ళిన ఆడవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగాం, ఎక్కడా తీగ మిగల్లేదు. సత్తెమ్మ వాళ్ళ బర్రె కొట్టం ముందు కళ్ళు మూసుకుని నెమరు వేస్తోంది. సంగతి విని సత్తెమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని గడప మీద కూలబడింది.

“మూడేండ్లు ఎదురుసూసి నా బర్రెకే ఏసుకుంటినా సారూ!”

సాంబశివరావు గారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. నాకు మెమో వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. మర్నాడు ఒక తెల్లకాగితం మీద తన చేత్తో రాసి పనిముట్ల గది తలుపుకు అంటించారు: ‘తీగ నర్సరీలో నాటి, సంతకం చేసిన తర్వాతే గడ్డపార బయటికి తీయాలి.’ కింద, ఈ ఉత్తర్వు మూడేళ్ళ కిందటే రాయకపోవడం తన తప్పని కూడా రాసి సంతకం పెట్టారు. మిగతా మొక్కల దుంపలను జాగ్రత్తగా మన్నులో పెట్టించారు.

పన్నెండు రోజుల తర్వాత సత్తెమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. చేతిలో తడి గోనెసంచి ముక్క. అందులో జానెడు తీగ. బర్రె తొక్కి వదిలేసిన ముక్క ఒకటి పెంటకుప్ప అంచున వేళ్ళూని రెండు ఆకులేసింది. రిజిస్టరు తెరిచాను. నూట అరవై మూడు: ఆకు ఐదు చీలికలు, అడుగున ఊదా ఈనెలు. తీగ తిప్పి చూశాం. ఐదు చీలికలు, ఊదా ఈనెలు. యాసిడ్‌లో చావని గింజ, బర్రె కాళ్ళ కింద చావని తీగ. ఈ మొక్కకు చావడం తెలియదా అనిపించింది.

అదే ఈనెలున్న ఆకులు ఇంకో ఏడెనిమిది మొక్కలకు కూడా ఉన్నాయని రిజిస్టరు చెబుతూనే ఉంది. నేను ఆ వరసలు చదవకుండా పేజీ తిప్పేశాను.

ఆ తీగను ముందు కుండీలో, జనవరిలో బోదె మీద నాటాం. ఎండాకాలం బావి అడుగంటింది. సత్తెమ్మ తన వంతు తాగే నీళ్ళు కూడా దాని మొదట్లో పోయడం నేను చూశాను. సాంబశివరావు గారు రోజూ పొద్దున్నే ఆఫీసుకన్నా ముందు అక్కడికే వెళ్ళేవారు. మే మూడో వారంలో తవ్వాం. ఈసారి మూడు ముక్కలు నర్సరీలో నాటి, తలుపు మీది కాగితం పక్కన నేను సంతకం చేశాకే సత్తెమ్మ మన్ను తీసింది.

రాగిరంగు దుంపలు! నాలుగు. ఆయన ఒకటి తీసుకుని బ్లేడు పెట్టారు. లోపల తెలుపు.

ఇంకొకటి కోశారు. అదీ తెలుపే. తూస్తే కిలోన్నర. ఉడికించాం. సత్తెమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, తల అడ్డంగా ఊపింది. “మంచిగనే ఉంది సారూ. గని గది గాదు.”

“కాదు. దాని తోబుట్టువు” అన్నారాయన. ఆ తర్వాతి వారం విరమణ సభలో ఆయన మాట్లాడింది ఐదు నిమిషాలే. అందులో నూట అరవై మూడు ప్రస్తావన లేదు. వెళ్ళేముందు తన దారపు ఉండ నా బల్ల మీద పెట్టి వెళ్ళారు.

ఆ వచ్చే రెండు చలికాలాలూ నేనూ సత్తెమ్మా అదే తల్లికి అదే తండ్రిని కలిపాం. సాయంత్రం దారాలు కట్టి, తెల్లవారి విప్పి, కాయలు ఏరి, యాసిడ్‌లో ముంచి. తొంభై నాలుగు మొక్కలు బోదెలెక్కాయి. ఎర్రవి వచ్చాయి, ఊదావి వచ్చాయి, గుమ్మడి రంగువి కూడా రెండు వచ్చాయి. ఒకటి పీచు, ఒకటి వేలెడంత. మిగిలిన సర్వీసులో నూట అరవై మూడు లాంటిది ఇక నాకు కనబడలేదు. ఆరు కట్టల పేక అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

పెంటకుప్ప మీద దొరికిన తెల్లదాన్ని సత్తెమ్మ తన అరెకరంలో నాటింది. గింజ నుంచి కొత్తగా పుట్టింది కనుక పాత తీగ తెగుళ్ళేవీ దానికి లేవు. ఆమె పొలంలో మళ్ళీ గంపలు నిండాయి. అత్వెల్లిలో నలుగురు అడిగి పట్టుకెళ్ళారు. 2003లో నేను మేడ్చల్ మార్కెట్‌లో ఆ దుంప చూసి ఇదేమిటని అడిగితే, అమ్మేవాడు సత్తెమ్మ గడ్డ అని చెప్పాడు. రెండు కిలోలు కొనుక్కున్నాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది పనికి సంబంధించిన విషయమే. పక్కవాడు చేసి ఉంటాడని అనుకున్న పనిని కళ్ళతో చూసి రావాలి. రైతు ఇంటికి చేరేది దుంప, మనం కాపాడవలసింది తీగ. నా కింద చేరిన ప్రతి సహాయకుడి చేతా మొదటిరోజే తలుపు మీది కాగితం చదివించాను. తర్వాత డిసెంబరు 1996 రిజిస్టరు తెరిచి ఒక వరస చూపించేదాన్ని. నూట అరవై మూడు. బరువు మూడు కిలోల ఆరు వందలు. లోపలి రంగు గుమ్మడి. ముక్కుపురుగు లేదు. రుచి అత్యుత్తమం. నిలిపిన తీగలు, సున్నా. ఆ సున్నా నా చేతిరాత.